సీసాల లెక్క, రోగి లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్రను వారు రాయాలని సంపాదకవర్గం కోరింది. ట్రెజరీ మిత్రులు, నీటిపారుదల మిత్రులు, రెవెన్యూ మిత్రులు తమ తమ సంగతులు రాస్తారు. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ప్రభుత్వ ఆస్పత్రుల బ్లడ్ బ్యాంకుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా గడిపినవాణ్ణి గనుక రక్తం గురించే రాస్తాను. అయితే రక్తదానం మహాదానం అనే ధోరణిలో కాదు. ఆ మాట మన సభ్యులందరూ ఎరిగినదే. దాత ఇచ్చిన రక్తం మంచిదో కాదో, దాన్ని రోగికి సరిగా ఎక్కించారో లేదో కొలిచేదెలా, ఆ కొలత కాలక్రమాన ఎలా మారింది అన్నదే ఈ వ్యాస విషయం.

మా రోజుల్లో నెలాఖరుకు పై ఆఫీసుకు ఒక స్టేట్‌మెంటు వెళ్ళేది. సేకరించిన సీసాలు ఎన్ని, వార్డులకు ఇచ్చినవి ఎన్ని, గడువు దాటి పారవేసినవి ఎన్ని అని అందులో మూడు గళ్ళు ఉండేవి. ఎక్కించిన తరవాత రోగికి ఏమైందన్న గడి లేదు. ట్రెజరీలో పనిచేసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. నెలలో ఎన్ని బిల్లులు పాసయ్యాయో చెప్పే అంకె, ఆ సొమ్ము అసలు హక్కుదారుకు చేరిందో లేదో చెప్పదు. రక్తమార్పిడి చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే, ఆ లేని గడిని చేర్చుకోవడానికి మనకు ఎంత కాలం పట్టిందో తెలుస్తుంది.

తొలినాటి కొలత

1818లో లండన్ నగరంలో జేమ్స్ బ్లండెల్ అనే వైద్యుడు మనిషి రక్తాన్ని మరొక మనిషికి ఎక్కించాడు. కాన్పు సమయంలో రక్తం పోయి కళ్ళముందే ప్రాణాలు విడుస్తున్న తల్లులను చూసి ఆయన ఈ ప్రయత్నానికి పూనుకున్నాడు. కొందరు బతికారు, కొందరు పోయారు. బతికినవారు ఎందుకు బతికారో, పోయినవారు ఎందుకు పోయారో చెప్పగలిగిన వారు ఆనాడు లేరు. రోగి బతకడం, పోవడం తప్ప వేరే కొలత లేదన్నమాట.

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ మనుషుల రక్తం అంతా ఒకటి కాదనీ, అందులో గ్రూపులున్నాయనీ నిరూపించాడు. ఆయన చెప్పిన మూడు గ్రూపులకు మరుసటి ఏడు ఆయన సహచరులు నాలుగోదైన ఎ.బి.ని జతచేశారు. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1940లో వీనర్‌తో కలిసి ఆర్.హెచ్. సంగతి కూడా బయటపెట్టాడు. ఆయన పుట్టినరోజైన జూన్ 14ను 2004 నుంచి ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుకుంటున్నారు. ఆయన చేసిన మేలు ఒక్క మాటలో చెప్పాలంటే, ఎక్కించిన తరవాత తెలిసేదాన్ని ఎక్కించక ముందే తెలుసుకునే వీలు కల్పించాడు.

ఆ పైన 1914-15లో సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని తేలింది. దానితో దాతను, రోగిని పక్కపక్కన పడుకోబెట్టనక్కరలేకపోయింది. 1937లో చికాగో నగరంలోని కుక్ కౌంటీ ఆస్పత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అనే వైద్యుడు రక్తాన్ని నిల్వచేసే విభాగానికి ‘బ్లడ్ బ్యాంకు’ అని పేరు పెట్టాడు. మన దేశంలో యుద్ధకాలాన, 1942లో, కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థలో బ్లడ్ బ్యాంకు వెలిసింది. రక్తం నిల్వ ఉండే వస్తువు అయింది. వస్తువు అయ్యాక దానికి తూకం, గడువు, పరీక్ష అన్నీ వచ్చాయి.

మైలుతుత్తం నీళ్ళు

ఒక్కో సీసా నాణ్యతను కొలిచే పద్ధతులు చూడడానికి సామాన్యమైనవే కాని, వాటి వెనక లెక్క గట్టిది. దాత వేలి నుంచి తీసిన ఒక్క చుక్క రక్తాన్ని మైలుతుత్తం ద్రావణంలో వేస్తాము. ఆ ద్రావణం సాంద్రత నీటితో పోలిస్తే 1.053 ఉండేలా తయారుచేస్తారు. చుక్క 15 సెకన్లలో అడుగుకు చేరితే దాత రక్తంలో హిమోగ్లోబిన్ 100 మిల్లీలీటర్లకు 12.5 గ్రాములకు తగ్గకుండా ఉన్నట్టు. తేలిందా, రక్తం ఇవ్వడానికి ఆయన పనికిరాడు. సీసా మూత తీసి వదిలేస్తే నీరు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది. అప్పుడు మంచి దాత రక్తం కూడా తేలుతుంది. కాబట్టి రక్తాన్ని కొలిచే ద్రావణాన్ని కూడా ముందుగా కొలవాలి. నాణ్యత అనే మాటకు అసలు పాఠం ఇదే. కొలబద్దను కొలవనివాడు దేన్నీ కొలవలేడు.

350 మిల్లీలీటర్ల రక్తానికి 49 మిల్లీలీటర్ల గడ్డకట్టనివ్వని ద్రావణం లెక్క. రక్తం ఎక్కువ తీస్తే గడ్డలు కడుతుంది. తక్కువ తీస్తే రోగికి రక్తం కన్నా మందునీళ్ళే ఎక్కువ పోతాయి. అందుకే తూకం. నిల్వ 2 నుంచి 6 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి. ఎ.సి.డి. ద్రావణంలో రక్తానికి 21 రోజుల గడువు, తరవాత వచ్చిన సి.పి.డి.ఎ.లో 35 రోజులు. కరెంటు కోతల రోజుల్లో ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరిచారన్నది కూడా మాకు లెక్కే.

మా తరం గాజు సీసాలతో మొదలుపెట్టింది. రబ్బరు గొట్టాలను కడిగి, ఉడికించి మళ్ళీ వాడేవారు. అవి సరిగా శుభ్రపడకపోతే రక్తం ఎక్కుతుండగానే రోగికి చలి, వణుకు వచ్చేవి. ప్లాస్టిక్ సంచిని 1950 ప్రాంతంలో అమెరికాలో కార్ల్ వాల్టర్ రూపొందించాడు. మన దేశంలో దాన్ని సొంతంగా చేసే పరిజ్ఞానాన్ని తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1980ల్లో అభివృద్ధి చేసింది. ఆ సంచి రావడంతో వణుకులు తగ్గడమే కాదు, రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అని విడదీసి ఒక దాత రక్తాన్ని ముగ్గురికి పంచే వీలు కలిగింది.

గ్రూపు పరీక్ష విషయంలో మన దేశం ప్రపంచానికి ఒక పాఠం నేర్పింది. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండె, ఆయన సహచరులు ఒక వింత గ్రూపును కనుగొన్నారు. దానికి బాంబే గ్రూపు అనే పేరు స్థిరపడింది. వీరి కణాలను పరీక్షిస్తే ‘ఓ’ గ్రూపు లాగే కనబడతాయి. కాని ‘ఓ’ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. కణాలను ఒకవైపు పరీక్షించి, సీరాన్ని మరోవైపు తెలిసిన కణాలతో పరీక్షిస్తేనే ఇది పట్టుబడుతుంది. ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు రెండు వైపులా సరిచూసినట్టే ఇది. ఒక్కవైపే చూసి సంతకం పెట్టరాదు.

అంకె అబద్ధమాడిన కాలం

ఇన్ని పరీక్షలు చేసినా ఒక సంగతి సీసాలో కనబడేది కాదు. ఆ రక్తం ఎవరిది, ఎందుకిచ్చాడు? ఆస్పత్రి గేటు బయట టీ బడ్డీ దగ్గర డబ్బుకు రక్తమిచ్చేవారు కూర్చుని ఉండేవారు. పాపం, వారి బాధ వారిది. ఆకలికి అమ్ముకున్న రక్తం అది. నెలలో రెండు మూడు చోట్ల ఇస్తే ఒంట్లో ఏం మిగులుతుంది? చట్టపరమైన చిక్కు రాకుండా వారిని రోగి బంధువులుగా నమోదు చేయించే దళారులు ఉండేవారు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో, రోగికి బావమరిదినని వచ్చిన మనిషిని మీ బావగారి పేరేమిటని అడిగితే జేబులోంచి చీటీ తీసి చూసుకున్నాడు. రిజిస్టరులో మాత్రం ‘బంధువు’ అని ఉంటుంది. బంధువులు ఇచ్చిన రక్తం ఇంత శాతం అని ఆ రిజిస్టరు నుంచి పైకి వెళ్ళిన అంకెను ఎవరు తప్పుపట్టగలరు?

1960ల్లో బారుక్ బ్లంబర్గ్ కామెర్లు కలిగించే హెపటైటిస్ బి గుర్తును రక్తంలో కనిపెట్టాడు. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1986లో చెన్నైలో, అప్పటి మద్రాసులో, మన దేశపు తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడ్డాయి. 1989 నుంచి రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి చేశారు. 2001లో హెపటైటిస్ సి కూడా చేరింది. సిఫిలిస్, మలేరియాలతో కలిపి ఐదు పరీక్షలు. అయితే రోగక్రిమి ఒంట్లో చేరిన తొలిదినాల్లో ఏ పరీక్షకూ అందని వ్యవధి ఒకటి ఉంటుంది. కనుక పరీక్ష ఎంత మంచిదైనా, దాత మంచివాడు కాకపోతే రక్తం మంచిది కాదు.

1990లో ప్రభుత్వం కోసం జరిగిన ఒక సర్వేలో దేశంలో 1018 బ్లడ్ బ్యాంకులుంటే వాటిలో 616కు లైసెన్సే లేదని తేలింది. కామన్ కాజ్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 జనవరి 4న కోర్టు తీర్పునిస్తూ, లైసెన్సు లేని బ్యాంకులు ఉండరాదనీ, రెండేళ్ళలో డబ్బుకు రక్తం తీసుకునే పద్ధతి అంతం కావాలనీ ఆదేశించింది. ఆ ప్రకారం 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషిద్ధమైంది. జాతీయ రక్తమార్పిడి మండలి 1996లోనే ఏర్పడింది. జాతీయ రక్త విధానం 2002లో వచ్చింది. మన హైదరాబాదులో చిరంజీవి బ్లడ్ బ్యాంకు, తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ రెండూ 1998లోనే మొదలయ్యాయి. తలసేమియా పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏడాదికి పదిహేనుసార్లు రక్తం ఎక్కే బిడ్డ తల్లికి నాణ్యత అన్న మాటకు అర్థం మనం చెప్పనక్కరలేదు.

ఈ మార్పుతో ‘స్వచ్ఛంద దాతల శాతం’ అన్నదే ఒక కొలత అయింది. ఎన్ని సీసాలు అన్న ప్రశ్న స్థానంలో ఎలాంటి చేతుల నుంచి వచ్చిన సీసాలు అన్న ప్రశ్న వచ్చింది.

అడిగినవి ఎన్ని, వాడినవి ఎన్ని

తరవాతి మెట్టు వార్డుకు సంబంధించినది. ఆపరేషను ఉందనగానే ‘మూడు సీసాలు సిద్ధంగా ఉంచండి’ అని ఫారం వచ్చేది. క్రాస్‌మ్యాచ్ చేసి ఆ రోగి పేరు కట్టి పక్కన పెడితే, ఆ మూడూ మరొకరికి అందవు. ఆపరేషనులో ఒకటే వాడతారు, లేదా అదీ వాడరు. మిగిలినవి తిరిగి అలమరలోకి వచ్చేసరికి వాటి గడువు కొంత కరిగిపోయి ఉంటుంది. 1970ల్లో అమెరికా వైద్యులు దీన్ని ఒక నిష్పత్తిగా లెక్కకట్టారు. క్రాస్‌మ్యాచ్ చేసినవి 300, ఎక్కించినవి 100 అయితే నిష్పత్తి 3. రెండున్నర దాటితే ఆ ఆస్పత్రి అనవసరంగా రక్తాన్ని కట్టిపడేస్తున్నట్టు లెక్క. ఏ ఆపరేషనుకు ఎంత రక్తం అవసరమో ముందే పట్టిక వేసుకోవడం కూడా అప్పుడే మొదలయింది. ఈ లెక్క వల్ల ఫ్రిజ్‌లో ఒక్క సీసా పెరగకుండానే ఇంకొక రోగికి రక్తం దొరుకుతుంది.

మన దేశంలో 2005 తరవాత ఆస్పత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్.ఎ.బి.హెచ్. సంస్థ వచ్చింది. బ్లడ్ బ్యాంకులకూ ఆ గుర్తింపు మొదలయింది. 2020లో చట్టంలో బ్లడ్ బ్యాంకు పేరే బ్లడ్ సెంటరుగా మారింది. ఈ గుర్తింపు కోరే కేంద్రం నెలనెలా లెక్కగట్టాల్సినవి చూస్తే మా మూడు గళ్ళ కాగితం గుర్తొచ్చి నవ్వొస్తుంది. దాతల్లో రోగక్రిములు కనబడినవారి శాతం, వెనక్కి పంపిన దాతల శాతం, రక్తమిస్తూ కళ్ళు తిరిగి పడిన దాతలు, వృథా అయిన రక్తం, అడిగినప్పటి నుంచి అందేదాకా పట్టిన సమయం, వార్డుకు చేరాక ఎక్కించడంలో జరిగిన ఆలస్యం, ఎక్కించాక రోగికి వచ్చిన రియాక్షన్లు... ఇలా. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వంటి వాటిలో నూటికొకటి చొప్పున, నెలకు నాలుగుకు తగ్గకుండా తీసి పరీక్షించి చూస్తారు.

ఈ అంకెలను చదవడం కూడా ఒక విద్యే. ఒక కేంద్రంలో రోగక్రిముల శాతం ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే సంతోషించే ముందు పరీక్ష కిట్లను అనుమానించాలి. అందుకే ప్రతి విడత పరీక్షతోపాటు ఫలితం ముందే తెలిసిన నమూనాలను కూడా పెడతారు. ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యతకు వాడే గీతల పటాన్ని 1950లో లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఆస్పత్రి ల్యాబుల్లోకి తెచ్చారు. రోజువారీ ఫలితాన్ని చుక్కగా పెడుతూ పోతే, చుక్కలు ఒకవైపుకు జరుగుతున్నాయంటే ఎక్కడో తేడా ఉందన్నమాట.

రాయని రియాక్షన్

ఇక అసలు విషయానికి వస్తాను. రక్తం ఎక్కుతుండగా రోగికి వణుకు వస్తే, సిస్టరు రక్తం ఆపి సీసాను వెనక్కి పంపేది. ఆ సీసాను, రోగి కొత్త రక్తనమూనాను పరీక్షించి కారణం వెతకాలి. ఇది పద్ధతి. ఆచరణలో చాలాచోట్ల ఒక సూది మందు వేసి, వణుకు తగ్గాక మళ్ళీ కొనసాగించేవారు. కాగితం మీద ఏమీ పడేది కాదు. కారణం మనందరికీ తెలిసినదే. రాస్తే ఎంక్వయిరీ, ఎంక్వయిరీ అయితే చార్జి మెమో, మెమో అయితే ఇంక్రిమెంటు. ఎవరి తప్పూ లేకపోయినా ముందు దొరికేది రాసినవాడే. ఏడాది నివేదికలో ‘రియాక్షన్లు: లేవు’ అని ఉంటుంది. ఆ ‘లేవు’ అన్న మాటను నాణ్యత అనుకున్నాం. అది నిశ్శబ్దం మాత్రమే.

పెద్ద దేశాల్లోనూ ఇదే జరిగింది. ఫ్రాన్సులో కలుషిత రక్తంతో ఎందరో హెచ్.ఐ.వి. పాలయ్యాక 1993లో చట్టం చేసి, ఎక్కించిన ప్రతి రక్తానికీ ఏమైందో కనిపెట్టి ఉండే వ్యవస్థను ఏర్పరిచారు. బ్రిటన్‌లో 1996లో ఇలాంటి నమోదు మొదలయింది. తప్పు రాసినవారి పేరు బయటపెట్టకుండా, ఏం జరిగిందన్నదే సేకరించారు. తొలి నివేదికలోనే విస్తుపోయే సంగతి బయటపడింది. జనం భయపడేది ఎయిడ్స్‌కు, కామెర్లకు. నమోదైనవాటిలో అన్నిటికన్నా ఎక్కువ మాత్రం ఒక రోగికి ఇవ్వాల్సిన రక్తం మరొకరికి ఇవ్వడం. రక్తంలో దోషం లేదు. పేరులో దోషం, మంచం నంబరులో దోషం. ల్యాబులో కూర్చుని ఎంత సూక్ష్మంగా కొలిచినా అది దొరకదు.

మన దేశంలో ఇటువంటి కార్యక్రమం 2012 డిసెంబరు 10న మొదలయింది. నోయిడాలోని జాతీయ బయలాజికల్స్ సంస్థ దీన్ని నడుపుతోంది. మొదట వైద్య కళాశాలల ఆస్పత్రులతో మొదలై తరవాత విస్తరించింది. 2015 జూన్ 14న దాతల విషయంలో కూడా ఇలాంటి నమోదు మొదలుపెట్టారు. ఆలస్యమైనా, ఆ లేని గడి ఈ విధంగా కాగితం మీదికి వచ్చింది.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. ఏటా కొన్ని రియాక్షన్లు నిజాయితీగా రాసి పంపే ఆస్పత్రి, ‘ఒక్కటీ లేదు’ అని రాసే ఆస్పత్రి కన్నా నమ్మదగినది. రక్తం ఎక్కించే చోట కొన్ని రియాక్షన్లు రాకతప్పదు. రాయనివాడు కొలవడు, కొలవనివాడు సరిదిద్దడు. రాసినవాడిని శిక్షించే ఆఫీసులో నిజమైన లెక్క ఎన్నటికీ రాదు. ఇది రక్తానికే కాదు, మనమందరం పనిచేసిన ప్రతి శాఖకూ వర్తిస్తుందని మన సభ్యులు ఒప్పుకుంటారనుకుంటాను.

మన వంతు

అరవై ఐదు దాటినవారు రక్తం ఇవ్వరాదని నిబంధన. మొదటిసారి ఇచ్చేవారికి అరవైయే హద్దు. అంటే మనలో చాలామందిమి దాతల జాబితా నుంచి రోగుల జాబితాలోకి మారిన వాళ్ళం. మోకాలి ఆపరేషను, ప్రొస్టేటు ఆపరేషను, గుండె ఆపరేషను, ఏదో ఒకదానికి రక్తం అవసరం రావచ్చు. మంచం మీద మనం ఉంటాం, మంచం పక్కన మన పిల్లలో, కోడళ్ళో ఉంటారు. వారు గమనించవలసిన నాలుగు మాటలు రాసి ఇంట్లో అతికించుకోమని మనవి.

ఒకటి, సంచి తెచ్చాక రోగి పేరు, ఆస్పత్రి నంబరు, గ్రూపు, గడువు తేదీ మంచం దగ్గరే సరిచూడాలి. రోగికి స్పృహ ఉంటే మీ పేరేమిటని ఆయన చేతనే చెప్పించాలి. ‘మీరు ఫలానా వారేనా’ అని అడిగితే మగతలో ఉన్నవారు దేనికైనా ఊఁ అంటారు. రెండు, ఫ్రిజ్ నుంచి తీసిన రక్తాన్ని 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, 4 గంటల్లో పూర్తిచేయాలి. చల్లగా ఉందని సంచిని చంకలో పెట్టుకోవడం, వేడినీళ్ళలో ముంచడం నేను కళ్ళారా చూశాను. అలా చేస్తే కణాలు చితికి, మంచి రక్తం విషమవుతుంది. మూడు, మొదటి పావుగంట రోగిని వదిలి వెళ్ళరాదు. చలి, జ్వరం, నడుము నొప్పి, ఆయాసం, దద్దుర్లు ఏది కనబడినా వెంటనే సిస్టరును పిలవాలి, రక్తం ఆపించాలి. నాలుగు, జరిగినది కేసు షీటులో రాయించాలి. తగువు పెట్టుకోవడానికి కాదు. ‘సిస్టరుగారూ, ఇది రాయండమ్మా, రేపు ఇంకొకరికి జరగకుండా ఉంటుంది’ అని నెమ్మదిగా అడిగితే ఎవరూ కాదనరు.

రక్తం నిజంగా అవసరమా అని డాక్టరుగారిని మర్యాదగా అడగడంలో కూడా తప్పులేదు. ఎక్కించనక్కరలేని రక్తాన్ని ఎక్కించకపోవడం కూడా నాణ్యతే.

మన పిల్లలకు, మనవలకు పద్దెనిమిది నిండాక ఏటా రెండుసార్లయినా రక్తం ఇమ్మని చెబుదాం. ఆ రక్తం చేరిన చోట, అది ఎక్కిన మనిషికి ఏమైందో రాసి ఉంచే ఆస్పత్రుల్ని మెచ్చుకుందాం. సీసాల లెక్క మా తరం నేర్చుకుంది. రోగి లెక్కను ఈ తరం మొదలుపెట్టింది. అది నిజాయితీగా సాగుతోందో లేదో చూడడం మంచం పక్కన కూర్చునే మన ఇంటివాళ్ళ చేతుల్లోనూ ఉంది.